‘దాటాకండి’ అన్న గొంతు నాది

దయ్యాలున్నాయని నేను ఎప్పుడూ నమ్మలేదు. మైకుసెట్టు పనిలో ఉన్నవాడికి అట్లాంటి నమ్మకాలు నిలవవు. స్తంభానికి కట్టిన హారను గాలికి ఊళ పెడుతుంది. వైరు పుచ్చిన చోట గుసగుసలు వినిపిస్తాయి. పాట ఆపేసిన సెట్టులో ఎక్కడిదో రేడియో స్టేషను సన్నగా పలుకుతుంది. వీటన్నిటికీ కారణాలు తెలిసినవాణ్ణి. భయపడినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని ఆ కారణాలు చెప్పినవాణ్ణి. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు వెనకాడాను.

అయినా రాయక తప్పని కారణం ఒకటుంది. ఎమ్మిగనూరు వైపు కొన్ని ఊళ్ళలో ఒక మాట నిలిచిపోయింది. దర్గా ఉరుసు నాడు వంక పొంగితే ఆదోని మైకు ఈరన్న కేకేసి బండెడు మనుషుల్ని కాపాడాడని, కాసింసాబు మాత్రం చెప్పినా వినకుండా నీళ్ళలోకి దిగి పోయాడని. ఆ ఈరన్నను నేనే. ఆ మాటలో మొదటి సగం అబద్ధం, రెండో సగం అంతకన్నా పెద్ద అబద్ధం. రెండోది నేను చెప్పింది, మొదటిది ఎవరో చెబితే నేను కాదనకుండా ఊరుకున్నది.

డెబ్భైల చివర నేను ఆదోనిలో కాసింసాబు మైకుసెట్టు అంగట్లో పని చేసేవాణ్ణి. పెండ్లిండ్లకు, ఉరుసులకు, జాతరలకు పోయేవాళ్ళం. కరెంటు లేని ఊళ్ళకు లారీ బ్యాటరీ ఒకటి మోసుకుపోయేవాళ్ళం. ఒక ఆంప్లిఫయరు, పాటల ప్లేట్లు తిప్పే పెట్టె, ఒక మైకు, పెద్ద ఉమ్మెత్తపువ్వు మాదిరి నోరు తెరిచిన రెండు హారన్లు. అంతే మా సరంజామా.

కాసింసాబు సన్నటి మనిషి. గొంతు కూడా సన్నమే. ఆయన మైకులో మాట్లాడితే ఎదురుగా కూర్చొని మాట్లాడినట్టే ఉండేది గాని, ఊరి పొలిమేర దాకా అక్షరం పోకుండా వినపడేది. అందరిలా మైకులో ఉఫ్‌మని ఊదడం, హలో హలో అనడం ఆయనకు లేదు. గోటితో మైకు మూతి మీద రెండుసార్లు తట్టేవాడు. టక్, టక్. తర్వాత మాట. ఒక మాట చెప్పి ఆగేవాడు. అది కొండకు తగిలి తిరిగి వచ్చాక, అదే మాట మళ్ళీ చెప్పేవాడు.

ఆంప్లిఫయరు మీద వాల్యూం నాబు పక్కన గాజుల అంగట్లో కొన్న గోళ్ళ రంగుతో ఒక ఎర్రచుక్క పెట్టాడు. నాబు ఆ చుక్క దాటకూడదు. నేను పనిలో చేరిన కొత్తలో, దాటితే ఏమవుతుందని అడిగాను.

“మన ఇంటి వాకిలి సూసినావు గదా, పొట్టిది,” అన్నాడు. “వంగి వస్తే మనిషి లోపలికి వస్తాడు. నిక్కుకుంటా వస్తే నెత్తి పగుల్తాది. మాటా అంతే. ఈ సుక్క దాటితే మాట పెద్దది గాదప్పా, తల తెగి వస్తాది.”

ఆ దెబ్బ తిన్న శబ్దాన్ని మా పనిలో ‘పగలడం’ అంటాం. పాట పగిలితే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మాట పగిలితే అర్థమే పోతుంది. అందుకే ఆయనకు ఇంకో నియమం ఉండేది. మా వైపు వద్దని చెప్పాలంటే ‘పోవాకు’, ‘రావాకు’ అంటాం. పదిమందికైతే ‘పోవాకండి’, ‘రావాకండి’. దూరానికి నడుమ ఉన్న ఆ ‘ఆకు’ను గాలి మింగేస్తుందని ఆయన అనేవాడు. అది పోతే చెప్పినదానికి ఎదురు అర్థం వస్తుంది.

“మైకులో ఆకండి, గీకండి అనాకు ఈరన్నా. ఏం చేయాల్నో అదే సెప్పు.”

“నువ్వే అనాకు అంటాండావు గదన్నా.”

“నేను మైకులో అన్లేదు గదరా, నీ సెవిలో అన్న్యా.”

ఇద్దరం నవ్వుకున్నాం. నేను ఆ మాటను జోకుగానే దాచుకున్నాను.

నాకు శబ్దం పెద్దగా ఉండటం ఇష్టం. జనం మెచ్చుకునేది గట్టిగా మోగే సెట్టునే. ఎవరి సెట్టు ఎన్ని ఊళ్ళకు వినపడిందనేదే లెక్క. ఆయన చుక్క నాకు పిసినారితనంలా కనిపించేది.

ఆ ఉరుసు ఎమ్మిగనూరు పక్క కరెంటు రాని ఒక చిన్న ఊళ్ళో. పేరు రాయను. ఊరికీ ఎమ్మిగనూరు బాటకూ నడుమ ఒక వంక ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. మనుషులు నడిచి దాటుతారు, బండ్లు దిగి ఎక్కుతాయి. మేము సెట్టు పెట్టిన దర్గా దగ్గర నిలబడితే వంక కనపడదు, నడుమ రాళ్ళగుట్ట అడ్డం. హారన్లలో ఒకటి ఊరి వైపు, ఒకటి వంక వైపు తిప్పి కట్టాం.

మొదటిరోజే ఊరి పెద్దమనిషి బసప్ప వచ్చి నిలబడ్డాడు.

“ఏం సాయిబూ, పక్కూర్లో సెట్టు పెడితే మిద్దెలు అదిరినాయి. మీది సూస్తే మా అవ్వ గొణిగినట్ల ఉంది.”

“మీ అవ్వ గొణిగితే ఇంట్లో అందరికీ ఇనపడ్తాదా లేదా?” అన్నాడు కాసింసాబు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బసప్పా నవ్వాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. సాయంత్రం కాసింసాబు నమాజుకు పోయినప్పుడు నాబును చుక్క దాటించాను. బసప్ప దూరం నుంచే చెయ్యి ఊపాడు. ఇంకొంచెం తిప్పాను. ఊరి వైపు హారను గరగరలాడి మూగబోయింది. లోపల శబ్దం పుట్టించే పలుచటి రేకు పలక చినిగింది.

మరుసటి రోజు పొద్దున కాసింసాబు హారను విప్పి చూశాడు. ఎవరు చేశారో అడగలేదు. ఆ పలక ఉండే యూనిట్టును తువ్వాలలో మూట కట్టుకొని, ఎమ్మిగనూరు పోయి పలక మార్పించుకొని వస్తానన్నాడు. పోయే ముందు నాబును చుక్క దగ్గరికి తెచ్చి పెట్టాడు.

“నేను వచ్చేదాక ఈడనే నిలబెట్టు,” అన్నాడు. ఆయన నాతో చెప్పిన ఆఖరు మాట అది.

ఆయన వంక వైపు నడిచి కనుమరుగయ్యాడో లేదో బసప్ప వచ్చాడు. “సాయిబు పోయినాడు గదా, ఇంగ నీ రాజ్యమే. పెంచప్పా.” పెంచాను. ఉన్నది ఒక్క హారను కాబట్టి రెండింటి శబ్దం రావాలని నాకు నేను చెప్పుకున్నాను.

మధ్యాహ్నం మా నెత్తిన ఎండ కాస్తూ ఉంది. పడమటి దిక్కున మాత్రం ఆకాశం నల్లగా ఉంది. అక్కడెక్కడో వాన పడుతోందని అనుకున్నాం. అంతలో ఒక గొర్రెల కాపరి పరిగెత్తుకొని వచ్చాడు. వంకకు పైనుంచి నీళ్ళు వస్తున్నాయన్నాడు. అది ఉరుసుకు అవతలి ఊళ్ళవాళ్ళు వంక దాటి వచ్చే వేళ.

“సెప్పప్పా, తొందరగా సెప్పు,” అన్నాడు బసప్ప. ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

నేను పాట ఆపి, నాబును కొస దాకా తిప్పేశాను. మైకును పెదవులకు ఆనించుకున్నాను. “వంక దాటాకండి, వంక దాటాకండి, ఎవురూ దాటాకండి” అని ఊపిరి తీసుకోకుండా అరిచాను.

హారనులోంచి వచ్చింది నాకూ వినపడింది. అది మాట కాదు. రేకు మీద గులకరాళ్ళు దొర్లించినట్టుంది. ‘దాటా’, ఒక గరగర, ‘ండి’. ఆ కొండ ఈ గుట్ట దాన్ని వెనక్కి విసురుతుంటే, దాని మీదే నేను మళ్ళీ అరుస్తున్నాను. పగులుతోందని తెలుస్తూనే ఉంది. తెలిసి కూడా నాబు తగ్గించలేదు. తగ్గిస్తే అవతలికి వినపడదేమోనని భయం.

కాలిన వాసన వచ్చింది. ఆంప్లిఫయరు వెనక జల్లెడలోంచి పొగ వచ్చింది. హారను ఆగిపోయింది.

మంట లేస్తుందేమోనని బ్యాటరీ మీది క్లిప్పును పీకేశాను. ఈ విషయం ఇన్నేళ్ళలో నాకు నేను ఎన్నోసార్లు గుర్తు చేసుకున్నాను. క్లిప్పు నా ఎడమ చేతిలో ఉంది. దాని పండ్లు నా వేలికి గుచ్చుకుంటున్నాయి. ఫీజు విప్పి చూస్తే గాజులోపల నల్లగా మసి. మైకు నా చేతిలోంచి జారి చాప మీద పడి ఉంది. నా నోరు మూసుకొనే ఉంది.

అప్పుడు హారనులో టక్, టక్‌మని చప్పుడైంది.

గోటితో తట్టిన చప్పుడు. నేను తలెత్తి చూశాను.

“గట్టు మీదనే నిలబడుకోండి నాయనా.”

సన్నగా, నిదానంగా, అక్షరం పోకుండా. ఆ తర్వాత ఆగింది. మాట గుట్టకు తగిలి తిరిగి వచ్చింది.

“గట్టు మీదనే నిలబడుకోండి నాయనా.”

కాసింసాబు వచ్చేసి నా వెనక కూర్చున్నాడనుకున్నాను. నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. చాప, ప్లేట్ల పెట్టె, ఖాళీ కడవ. మనిషి లేడు. బసప్ప నాకు కొంచెం ముందర వంక వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. వెనక్కి చూడకుండానే చెయ్యి చాచి నా భుజం తట్టాడు.

“ఆ, ఇట్ల సెప్పాల. ఇప్పుడు అర్థమైతాంది.”

నేను చేతిలో ఉన్న క్లిప్పును చాప మీద పడేశాను. వంక వైపు పరిగెత్తాను.

నేను పోయేటప్పటికి ఎర్రనీళ్ళు రెండు గట్లనూ ఒరుసుకొని పోతున్నాయి. ముళ్ళ జాలిచెట్లు వేళ్ళతో సహా దొర్లుతున్నాయి. అవతలి గట్టు మీద ఒక ఎద్దులబండి ఉంది. నిండా ఆడవాళ్ళు, పిల్లలు. ఎద్దుల ముందరి కాళ్ళు తడి ఇసకలో ఉన్నాయి. నలుగురు మొగవాళ్ళు బండిని వెనక్కి లాగుతున్నారు. పైకి లాక్కున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

నీళ్ళు తగ్గాక బండి తోలే లింగప్ప ఇవతలికి వచ్చాడు. ఎమ్మిగనూరులో మగ్గం నేసే మనిషి. తమ ముందర నడిచిపోతున్న సాయిబును నీళ్ళు కొట్టేశాయని అతను చెప్పేదాకా మాకు తెలియదు.

శవం మరుసటి రోజు దిగువన జాలిపొదల్లో దొరికింది. తువ్వాల మూట భుజానికే ఉంది. లోపల కొత్త పలక వేసిన యూనిట్టు.

గట్టు మీద చేరినవాళ్ళలో ఎవరో నన్ను అడిగారు, “మైకులో సెప్పితివి గదా, సాయిబుకు ఇనపడ్లేదా?”

“సెప్పినా. ఇనలేదు,” అన్నాను.

ఆ రెండు మాటలే. ఆలోచించి అన్నవి కావు. కానీ అన్నాక వెనక్కి తీసుకోలేదు. ఆ ఊరివాళ్ళు దర్గా ముందర నాకు శాలువా కప్పారు. బండిలో వచ్చిన ఒక ముసలామె నా చేతులు పట్టుకొని కండ్లకు అద్దుకుంది. నేను చేతులు లాక్కోలేదు.

సామాను సర్దేటప్పుడు ఇంకొకటి చూశాను. కొస దాకా తిప్పి వదిలేసిన నాబు ఎర్రచుక్క దగ్గర ఉంది. బసప్పను అడిగితే, ఆ డబ్బా జోలికి తాను పోలేదన్నాడు. జనం మసలే చోటు, ఎవరి చెయ్యైనా తగిలి ఉండొచ్చు. అందుకే దీన్ని పెద్ద సాక్ష్యంగా చెప్పడం లేదు. చూసింది రాస్తున్నాను, అంతే.

ఆ తర్వాత నేను మైకు పట్టుకోలేదు. ఆదోనిలోనే రేడియోలు, టేపులు బాగుచేసే చిన్న అంగడి పెట్టుకున్నాను. ఆ పని తెలిసినవాడిగా కారణం కోసం చాలా వెతికాను. కండెన్సర్లలో కరెంటు మిగిలి ఉంటుంది, నిజమే. అది హారనును ఒకసారి టప్పుమనిపించగలదు గాని మాట పలికించలేదు. పక్క ఊరి సెట్టు గాలివాటుకు వినపడిందేమో అనుకున్నాను. ఆ రోజు ఆ దరిదాపుల్లో ఇంకో సెట్టు లేదు, తర్వాత పోయి విచారించాను. భయంలో నా చెవులు మోసం చేశాయేమో అనుకున్నాను. కానీ బసప్ప విన్నాడు. అవతలి గట్టున బండిలో ఉన్నవాళ్ళందరూ విన్నారు, విని నిలబడ్డారు. పొద్దున కాసింసాబు చెప్పిన మాటే కొండల్లో తిరిగి వచ్చిందా అంటే, పొద్దున వంక గురించి ఆయన చెప్పవలసిన అవసరమే లేదు. అప్పుడు అది ఇసక.

కొన్నేళ్ళకు లింగప్ప ఒక రేడియో పట్టుకొని నా అంగడికి వచ్చాడు. నన్ను గుర్తుపట్టి సంతోషపడ్డాడు. బల్ల మీద కూర్చొని ఆ రోజు సంగతి మొదలుపెట్టాడు. నేను తల వంచుకొని రేడియో విప్పుతున్నాను.

“సాయిబు మా ముందర పోతాండె. నీ మైకు గర్రుమంటానే నిలబడి సెవి దగ్గర సెయ్యి పెట్టుకున్న్యాడు. ‘మావోడు సెట్టును పగలగొడతాండాడప్పా, మాట తల తెగి వస్తాంది’ అని నవ్వి, బిరబిరా వంకలో దిగినాడు.”

నేను స్క్రూడ్రైవరు కింద పెట్టేశాను.

“మాకు గూడా ‘దాటండి, దాటండి’ అన్నట్లే ఇనపడె. యాలయితాంది, బిరీన రమ్మంటాండారేమో అనుకొని నేనూ బండి దించినా. అంతలో నడుమలో ఉన్న సాయిబును నీళ్ళు కొట్టేసినాయి. కండ్ల ముందర. ఆయన టోపీ ఒకటి తేలె. ఆ మలుపు కాడ్నుంచి నీళ్ళు వచ్చేది మాకు యాడ కనపడ్తాది? ఎద్దుల్ని ఆపల్లనో, తోలల్లనో నాకు దిక్కు తెలీలా. అప్పుడు గదా నువ్వు సల్లగా అంటివి, గట్టు మీదనే నిలబడుకోండి నాయనా అని.”

నేను విప్పిన రేడియో వైపు చూస్తూ, “ముందే అట్ల సల్లగా అనింటే...” అన్నాడు. నా ముఖం చూసి ఆ మాట అక్కడితో ఆపేశాడు. రేడియో గురించి అడిగాడు.

అంటే, ఆ గొంతు వచ్చేసరికి ఆయన అప్పటికే నీళ్ళలో ఉన్నాడు. ఆయన్ను ఆ నీళ్ళలోకి తొందరపెట్టింది నా గరగర. వచ్చి నాబు తగ్గించాలనే బిరబిరా దిగాడు.

ఆ మరుసటి రోజు కాసింసాబు భార్య మాబుబీ దగ్గరికి పోయాను. అప్పటిదాకా పండగలకు పోయి పలకరించి వచ్చేవాణ్ణే గాని, ఎప్పుడూ కూర్చోలేదు. వాకిట్లో నీడకు చేరి శెనక్కాయలు ఒలుస్తోంది. వదినా, ఒక మాట చెప్పాలని మొదలుపెట్టి అన్నీ చెప్పాను. చినిగిన పలక, చుక్క దాటిన నాబు, ‘దాటాకండి’, నేను ఆడిన అబద్ధం. తర్వాత ఆ గొంతు.

ఆమె ఒలవడం ఆపలేదు. కాయల్ని చూస్తూనే అంది.

“సెప్పినా ఇనకపాయ గదా ఈ మనిషి, ఒక రేకు ముక్క కోసం పాయ గదా అని ఇన్నేండ్లు తిట్టుకుంటానే ఉండానప్పా. నమాజు సేసి గూడా తిట్టుకున్న్యా.”

ఆమె చేటలోని పొట్టును పక్కకు ఊదింది.

“ఏమని ఇనపడె?” అని అడిగింది.

చెప్పాను. రెండుసార్లు చెప్పమంది. రెండుసార్లూ చెప్పాను.

“ఇంట్లో గూడా అంతే. నేను అలిగి పుట్టింటికి పోతానంటే పోవాకు అనేటోడు గాదు. ‘ఉండు’ అనేటోడు. అంతే, అదొక్క మాట.”

క్షమించానని ఆమె అనలేదు. నేను అడగనూ లేదు. ఇప్పుడు ఇది అచ్చులో రావాలని కోరుకుంటున్నది కూడా ఆమె కోసమే. కాసింసాబు చెప్పినా వినని మనిషి కాదు. ఆయనకు ఎవరూ అర్థమయ్యేట్టు చెప్పలేదు. ఆ బండిని నిలబెట్టింది నా మాట కాదు. కరెంటు లేని, ఫీజు కాలిన, బ్యాటరీ పీకేసిన సెట్టులోంచి ఆ మాట ఎట్లా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. మైకుల గురించి నాకు తెలిసిన ఏ లెక్కలోనూ అది ఇమడదు.

ఆ రోజు చెప్పడం అయ్యాక నేను లేవబోయాను. మాబుబీ తల ఎత్తకుండానే శెనక్కాయల చేటను నా వైపు జరిపింది.

“ఎండ మీదుంది. ఉండు,” అంది.

నేను కూర్చొని ఒలవడం మొదలుపెట్టాను.